కందెనానందస్వామివారి ప్రశ్నోత్తరములు



క్రొత్తగా ఈ పుటను తెఱచువారి కొక్క మాట. మా స్వామివారి యాశ్రమము హిమవత్పర్వతమున లేదు. విజయవాడ ఆటోనగరులో లారీలకు తొట్లు కట్టు కొట్టమునకును, పాత యినుము తూచు కాటాకును నడుమనున్న వేపచెట్టు క్రింద నున్నది. వ్యాఘ్రచర్మమునకు బదులు అరిగిపోయిన టైరుపై వారు కూర్చుందురు. ప్రాతఃకాలమున వేదఘోషకు బదులు సమ్మెటపోటులు వినవచ్చును. ధూపమునకు డీజిలు పొగ యున్నది. ఇరుసునకు రాచిన కందెన బండిచక్రపు కీచుచప్పుడును అణచునట్లు, సంసారచక్రపు చప్పుడును కొంత అణచుటయే తమ వ్రతమని చెప్పి వారా పేరు ధరించిరి. దక్షిణ పుచ్చుకొనరు; ప్రశ్నలు మాత్రము పుచ్చుకొందురు. ఈ నెల వచ్చిన జాబులలో కొన్నింటికి వారు సెలవిచ్చిన సమాధానములను ఇచ్చట ప్రకటించుచున్నాము.

తెనాలినుండి యొక సోదరి: స్వామీ! తమ గురుపరంపర యెట్టిది? శంకరులవారిదా, రామానుజులవారిదా?

స్వామివారు: అమ్మా! అంతటి భాగ్యము మాకెక్కడిది? మాది పరమానందయ్యగారి పరంపర. ఇటలీ దేశమునుండి వచ్చి తమిళదేశమున నివసించి, వీరమామునివరను పేర ప్రసిద్ధుడైన బెస్కీ యను పాదిరి 18వ శతాబ్దమున పరమార్థగురువు కథను తమిళమున వ్రాసెను. 1822లో బెంజమిను బాబింగ్టను దానిని ఇంగ్లీషు అనువాదముతో లండనులో అచ్చు వేయించెను. మన పరమానందయ్యగారును, వారి శిష్యులును ఆ కుటుంబములోనివారే. ఏఱు దాటి యొడ్డు చేరిన శిష్యుల కథ నీకు తెలిసినదే కదా. ఒకడు అందఱిని లెక్కించును, తన్ను లెక్కించుకొనడు. ఒకరు తగ్గుదురు. ఇంకొకడు లెక్కించినను అంతే. ఒకడు ఏటిలో పోయెనని అందఱును గోలుగోలున ఏడ్తురు. తుదకు దారిని పోవువాడొకడు ఒక్కొక్కని వీపున ఒక్క దెబ్బ వేయుచు లెక్కించి చూపగా సంఖ్య సరిపోవును. ఈ కథను జ్ఞాపకముంచుకొనుము. క్రింద దీనితో పని యున్నది.

మాకు దాయాది యొకడును కలడు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములోని బైరాగి ఆతడే. సారాదుకాణమున కూర్చుండి ఆతడు తన సిద్ధులను గూర్చి పలుకుచుండ, పోలీసు హెడ్డువంటివారు నోళ్లు తెఱచి వినుచుందురు. ఆ నాటకము మొదట ఆడినది 1892లో. పెంచి వ్రాసిన రెండవ కూర్పు వెలువడినది 1909లో. ఆ బైరాగికి నేటికిని వారసులు తక్కువ కాలేదు. దుకాణము మాత్రము మార్చిరి.

ఉయ్యూరునుండి యొక సోదరి: మావారు ఆఱు నెలలుగా వేదాంతోపన్యాసములు వినుచున్నారు. సంసారము మాయ, ధనము మాయ యని చెప్పి బజారునకు పోవుట మానినారు. పిల్లల బడి జీతమడిగినను మాయ యనియే సెలవిచ్చుచున్నారు. నేనేమి చేయుదును?

స్వామివారు: అమ్మా! మీవారి వేదాంతము సగము దారిలో నిలిచిపోయినది. బజారుసంచి మాయయైనయెడల ఉదయపు కాఫీయు మాయయే కావలెను గదా! రేపు తెల్లవాఱగనే ఖాళీగ్లాసు వారి యెదుట నుంచి, "ఇది నిరాకారము, నిర్గుణము, స్వీకరింపుడు" అని వినయముతో నమస్కరింపుము. మూడవనాటికి సంచి తామే వెదకికొందురు.

పరిహాసమునకేమి గాని, గృహస్థాశ్రమము తక్కిన మూడాశ్రమములకును ఆధారమని మనుస్మృతియే చెప్పుచున్నది. సన్న్యాసికి భిక్ష పెట్టుటకైనను ఒక యింట పొయ్యి వెలుగవలెను. పిల్లలకు జీతము కట్టనీయనిది వైరాగ్యము కాదు, బద్ధకము. దానికి కాషాయము కట్టిన రంగు మాఱును గాని గుణము మాఱదు. నెల మొదటి తేదీన ఇంటి లెక్క కాగితముపై వ్రాసి, ఉపన్యాసమునకు బయలుదేరుటకు ముందు వారిచేతనే పైకి చదివింపుము. విన్నదానికంటె చదివినది మనసున నిలుచును.

పటమటనుండి యొక లారీ యజమాని భార్య: మా లారీ ముందు ప్రతి శనివారమును నిమ్మకాయయు పచ్చిమిరపకాయలును కట్టుట మాకు వాడుక. మొన్న మఱచితిమి. డ్రైవరు బండి తీయనని కూర్చున్నాడు. నిమ్మకాయకు నిజముగా శక్తి కలదా?

స్వామివారు: కలదు తల్లీ! పప్పులో పిండినచో మిక్కిలి కలదు. ఆ సంగతి తరువాతి జాబులో చెప్పెదము. మా యాశ్రమము చుట్టును తిరుగబడిన బండ్లను బాగుచేయు మేస్త్రీలు కలరు. నిమ్మకాయ లేనందున బోల్తాపడినదని యే మేస్త్రీయు ఇంతవఱకు బిల్లు వ్రాయలేదు. బ్రేకు లైనింగు అరిగినదనియో, టైరు నున్ననైనదనియో, స్టీరింగు వదులైనదనియో వ్రాయుదురు. బిల్లులో చేరని కారణమింకొకటి కలదు. అది డ్రైవరు నిద్ర.

అయినను ఆతని భయమును చూచి నవ్వకుము. రాత్రియంతయు ఒంటరిగా రహదారిపై పోవువానికి ఏదో యొక ధైర్యము కావలెను. నిమ్మకాయ కట్టుకొననిమ్ము. కాని కట్టునప్పుడే టైర్ల గాలి, బ్రేకు, దీపములు చూడుమనుము. గడచిన రాత్రి యెన్ని గంటలు నిద్రించితివని నీవే అడుగుము. మోటారు రవాణా కార్మికులచేత దినమునకు 8 గంటలకు మించి పని చేయింపరాదనియు, 5 గంటల పనిమీద అరగంటయైనను విశ్రాంతి యీయవలెననియు మన పార్లమెంటు 1961లోనే చట్టము చేసినది. డ్రైవరు భార్యయు నీవలెనే దీపము పెట్టి యెదురుచూచుచుండును. సరకు ఒక పూట ఆలస్యమైన నష్టము కొంచెమే.

మచిలీపట్నమునుండి యొక సోదరి: మా వీధికి వచ్చిన సాధువొకడు పచ్చని గుడ్డపై మంత్రజలము చల్లగా నెత్తురు మరకలు తేలినవి. ఈ వీధికి చేతబడి జరిగినదనియు, శాంతికి ఇంటికి అయిదువేలనియు చెప్పినాడు. ఇరుగుపొరుగువారు ఇచ్చుటకు సిద్ధపడుచున్నారు.

స్వామివారు: అమ్మా! నీ పెండ్లినాడు పాదములకు పెట్టిన పారాణి యెట్లు కలిపిరో మఱచితివా? పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱనగును. దిష్టి తీయుటకు ఎఱ్ఱనీళ్లు కలుపుటయు ఇట్లే. పసుపు మరక పడిన తెల్లచీరకు సబ్బు రుద్దగనే ఎఱ్ఱబాఱుట ప్రతి గృహిణియు చూచినదే. ఆ సాధువు గుడ్డకు పసుపునీరు పట్టించి ఆరబెట్టి తెచ్చినాడు. కమండలములో సున్నపుతేట నింపుకొన్నాడు. పసుపులో కర్కుమిన్ అను రంగుపదార్థము కలదు. క్షారము తగిలిన అది ఎఱ్ఱబాఱును, పులుసు తగిలిన మరల పచ్చబాఱును.

నీవే పరీక్షించి చూడుము. ఇరుగుపొరుగువారిని పిలిచి, పసుపుగుడ్డపై సున్నపుతేట చల్లుము. నెత్తురు కనబడును. దానిపై నిమ్మరసము పిండుము. నెత్తురు పోయి పసుపు తిరిగి వచ్చును. చేతబడి యింత సులభముగా నిమ్మకాయకు లొంగునా? సున్నము కంటిలో పడకుండ మాత్రము జాగ్రత్తపడుము. సాధువు ఆకలితో వచ్చినచో అన్నము పెట్టుము, అది ధర్మము. అయిదువేలు పెట్టుట ధర్మము కాదు.

గుడివాడనుండి యొక సోదరి: నాకు అయిదవ నెల. గ్రహణమునాడు కదలక పడుకొనవలెననియు, కత్తిపీట ముట్టినచో బిడ్డకు గ్రహణమొఱ్ఱి వచ్చుననియు అత్తగారు చెప్పుచున్నారు. ఏమి చేయుదును?

స్వామివారు: తల్లీ! గర్భములో బిడ్డ పెదవులు సుమారు నాల్గవ వారమునకును ఏడవ వారమునకును నడుమ కలిసి ఏర్పడును. అంగిలి తొమ్మిదవ వారమునకు పూర్తియగును. అయిదవ నెలకు నీ బిడ్డ మూతి యెప్పుడో కుదిరియున్నది. చంద్రుని నీడ భూమిపై పడుటచేత దానిని విప్పుట జరుగదు. మొఱ్ఱికి వంశములోనుండి వచ్చు కారణములు, తల్లికి అదుపులేని మధుమేహము, పొగత్రాగుట, కొన్ని మందులు హేతువులని వైద్యులు చెప్పుచున్నారు. ఒకవేళ మొఱ్ఱితో బిడ్డ పుట్టినను శస్త్రచికిత్సచే సరిచేయుదురు. ఆ తల్లి చేసిన పాపమేమియు లేదు.

మా యాశ్రమమునకు దాపుననే పటమటలో నాస్తిక కేంద్రము కలదు. గోరా యని పేరొందిన గోపరాజు రామచంద్రరావుగారును (1902–1975), భార్య సరస్వతీ గోరాగారును (1912–2006) 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో దానిని స్థాపించి, 1947లో విజయవాడకు తెచ్చిరి. సరస్వతీ గోరాగారు తాము గర్భవతిగా నున్నప్పుడు, ఇంట దాగుకొనవలెనను ఆచారమును కాదని, గ్రహణవేళ కావలెననియే బయటికి వచ్చిరి. వారి కుమార్తె చెన్నుపాటి విద్యగారు పెరిగి పెద్దయై విజయవాడనుండి రెండు పర్యాయములు లోక్‌సభకు ఎన్నికైరి. దేవుడు కలడా లేడా యను వాదమున ఆ దంపతుల పక్షము నీవు వహింపనక్కఱలేదు. గ్రహణమునకును బిడ్డ పెదవికిని సంబంధము లేదని తెలిసికొనిన చాలును.

అత్తగారితో వాదమునకు దిగకుము. ఆమె భయము ప్రేమనుండి పుట్టినదే. పడుకొమ్మన్న పడుకొనుము, విశ్రాంతి మంచిదే. కాని ఆకలైనప్పుడు తినుము, దాహమైనప్పుడు నీరు త్రాగుము. కడుపుతోనున్నదానిని గంటలకొలది పస్తుంచుట తగదు. గ్రహణములో సూర్యుని వట్టికంటితో చూడరాదను మాట మాత్రము నిజము. అది గర్భవతులకే కాదు, అందఱికిని వర్తించును.

అవనిగడ్డనుండి యొక సోదరి: స్వామీ! ఈ సృష్టి యెప్పుడు పుట్టినది? నేనెవరను? చనిపోయిన పిమ్మట ఏమగుదును?

స్వామివారు: ఒక్క కార్డులో మూడు లోకములు పట్టించితివి తల్లీ! ఈ విశ్వమునకు సుమారు 1380 కోట్ల యేండ్లని ఖగోళశాస్త్రజ్ఞులు లెక్కించిరి. భూమికి సుమారు 454 కోట్ల యేండ్లు. ఇక చనిపోయిన పిమ్మటి సంగతి. కఠోపనిషత్తులో నచికేతుడీ ప్రశ్ననే అడుగగా, సాక్షాత్తు యమధర్మరాజే మొదట ఇది తప్ప వేఱొక వరము కోరుకొమ్మన్నాడు. యముడే తప్పించుకొన జూచిన ప్రశ్నకు టైరుపై కూర్చున్నవాడేమి చెప్పును?

నీవెవరవను ప్రశ్నకు మాత్రము సమాధానము మా యెదుటి కాటాలోనే కలదు. అచ్చట తూచుచున్న పాత యినుము గనిలో పుట్టినది కాదు. పెద్ద నక్షత్రముల గర్భమునను, నక్షత్రములు ప్రేలునప్పుడును పుట్టి, ఆకాశమున చెదరి, పిమ్మట భూమిలో చేరినది. అది భూమికంటె వయసున పెద్దది. ఆ యినుమే నీ నెత్తురులోను కలదు. నీ దేహమందలి యినుమంతయు కూడ రెండు మూడు గ్రాములే. ఒక చిన్న మేకునకు సరిపోవును. ఆ మేకు నీవు పీల్చిన గాలిలోని ప్రాణవాయువును ఒడలంతయు మోసికొనిపోవుచున్నది. అది తక్కువైనచో మెట్లెక్కిన ఆయాసము, కన్ను తిరుగుట, ఏ పనియందును ఆసక్తి లేకుండుట కలుగును. ఇంటివారు దానిని బద్ధకమందురు.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వఱకు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కనబడినది. ఏల? నెలనెలయు పోవు నెత్తురొక కారణము, కాన్పులొక కారణము. ఇప్పుడు పరమానందయ్యగారి శిష్యుని జ్ఞప్తికి తెచ్చుకొనుము. మన యిండ్లలో వడ్డించునామె మామగారికి, భర్తకు, పిల్లలకు, వచ్చిన చుట్టమునకు లెక్క తప్పకుండ విస్తళ్లు వేయును. అందఱును వచ్చిరా యని రెండుసార్లు లెక్కించును. తన్ను లెక్కించుకొనదు. కూర మిగిలిన తినును, లేకున్న మజ్జిగతో సరిపుచ్చును. ఏటిలో ఎవరును పోలేదు తల్లీ! లెక్కలో పోయినది నీవే. వీపున దెబ్బ వేయుటకు మాకు మనసొప్పదు గాని, వేసినట్లే తలంపుము.

ఆసుపత్రిలో నెత్తురు పరీక్ష చేయించుకొనుము. హిమోగ్లోబిను 12 గ్రాములకు తగ్గినచో, గర్భవతికి 11 గ్రాములకు తగ్గినచో, రక్తహీనతయే. వైద్యుడిచ్చిన ఇనుపమాత్రలు మానక వాడుము. భోజనముతో కాఫీ, టీ త్రాగకుము. అవి యినుమును ఒంటికి పట్టనీయవు. పప్పులోనో కూరలోనో నిమ్మకాయ పిండుకొనుము. పులుపు యినుమును పట్టించును. లారీకి కట్టినదానికంటె నీ విస్తరిలో పిండిన నిమ్మకాయకే శక్తి యెక్కువయని పైన చెప్పినది యిందులకే.

ఊరు పేరు వ్రాయని యొక తల్లి: నా కుమార్తెకు పదునాలుగేండ్లు. ఏడాదిగా అప్పుడప్పుడు పడిపోయి కాలుసేతులు కొట్టుకొనుచున్నది. నోట నురుగు వచ్చుచున్నది. చేతిలో తాళపుచెవులు పెట్టుచున్నాము. ఒక స్వామివారు గాలి సోకినదనియు, పూజకు నలువదివేలు కావలెననియు చెప్పిరి. నాకు రెండు బంగారుగాజులు కలవు. బయటికి తెలిసినచో పిల్లకు పెండ్లి కాదని మావారు భయపడుచున్నారు. గాజులు అమ్ముటకు ముందు తమ్మొకమాట అడుగవలెనని వ్రాయుచున్నాను.

ఈ జాబు చదివినపుడు స్వామివారు నవ్వలేదు. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాయుచున్నాము.

అమ్మా! గాజులు అమ్మకుము. నీ బిడ్డకు సోకినది గాలి కాదు. నీవు వ్రాసిన లక్షణములు మూర్ఛరోగమువలె నున్నవి. మెదడులో సహజముగా నడుచు విద్యుత్తు ఒక్కసారిగా అదుపు తప్పుటచేత అట్లు జరుగును. ఈ వారమే ప్రభుత్వపు పెద్దాసుపత్రికి తీసికొనిపొమ్ము. నరముల వైద్యుడు పరీక్షించి మాత్రలిచ్చును. సరియైన మాత్రలు క్రమముగా వాడినచో నూటికి డెబ్బదిమంది వఱకు మూర్ఛలు లేకుండ బ్రతుకవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నాలుగు నెలలు మూర్ఛ రాలేదని నీయంతట నీవు మాత్రలు మానిపింపరాదు. అట్లు మానినప్పుడే ప్రమాదము.

మరల మూర్ఛ వచ్చినచో చేయవలసినది వినుము. చేతిలో తాళపుచెవులు పెట్టవలదు; వానివలన లాభము లేదు. నోటిలో గరిటెగాని, గుడ్డగాని, నీరుగాని పెట్టరాదు. కాలుసేతులు గట్టిగా పట్టరాదు. తల క్రింద మెత్తని బట్ట ఉంచి, ప్రక్కకు త్రిప్పి పడుకొనబెట్టుము. నురుగు బయటికి పోవును. గడియారము చూడుము. అయిదు నిమిషములు దాటినను, తెలివి రాకమునుపే రెండవసారి వచ్చినను, 108కి ఫోను చేయుము. పొయ్యి దగ్గఱకును, కాలువ రేవునకును ఒంటరిగా పంపకుము. బడి మాత్రము మానిపింపకుము.

తాయెత్తులచేతను మంత్రములచేతను మూర్ఛ కుదుర్చుదుమని ప్రకటనలు వేయుట 1954 నాటి చట్టముచే నేరము. పెండ్లిని గూర్చి మీవారికి ఈ మాట చెప్పుము. హిందూ వివాహ చట్టములో మూర్ఛరోగము వివాహమునకు అడ్డని యొకప్పుడు వ్రాసియుండెను. 1999లో పార్లమెంటు దానిని తీసివేసినది. పిల్ల చదువుకొని పెద్దయైన పిమ్మట, సంగతి దాచక చెప్పి సంబంధము చూడుడు. దాచిన రోగమునకే భయము ఎక్కువ. వివాహమైన తరువాత బిడ్డను కనుటకు ముందు వైద్యునకు తెలుపవలెను. కొన్ని మాత్రలు మార్చవలసి యుండును. ఆ గాజులు నీ చేతికే యుండనిమ్ము. ఆసుపత్రికి పోయిన పిమ్మట వైద్యుడేమనెనో మాకు వ్రాయుము.

నూజివీడునుండి యొక సోదరి: నిజమైన గురువును గుర్తించుట యెట్లు?

స్వామివారు: మంచి మేస్త్రీని గుర్తించునట్లే. మంచి మేస్త్రీ చెడిన భాగమును విప్పి, నీ చేతిలో పెట్టి, ఇదిగో ఇచ్చట అరిగినదని చూపును. ఎంతయగునో ముందే చెప్పును. తనవలన కానిచో ఎదుటి కొట్టమునకు పొమ్మనును. కానివాడు బండి ముట్టకయే, ఇంజనంతయు పోయినది, నేను తప్ప దీనిని బాగుచేయువాడు లేడనును. నిన్ను భయపెట్టి నీ చేతి గాజులవైపు చూచువాడు ఏ రంగుబట్ట కట్టినను రెండవ తెగవాడే. మాకును ఇదే పరీక్ష పెట్టుము.

రాబోవు సంచికకు జాబులు వ్రాయువారు కాగితమునకు ఒకవైపుననే స్పష్టముగా వ్రాయవలెను. పేరు ప్రకటింపవలదన్న ప్రకటింపము. దక్షిణలు, కొబ్బరికాయలు పంపినయెడల అవి ఎదుటి కొట్టములోని పిల్లలకు పంచిపెట్టబడును. ఊరు పేరు వ్రాయని తల్లి జాబునకై స్వామివారు ప్రత్యేకముగా ఎదురుచూచుచున్నారు.